రంగు, రుచి, వాసన

నల్గొండ జిల్లాలో రాతిగుట్టల నడుమ ఉన్న ఒక చిన్న పట్టణం మాది. అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, మధ్యలో బదిలీలు పోగా, తన ఉద్యోగ జీవితమంతా సైన్సు బోధించి విరమించిన ఒక ఉపాధ్యాయుని గురించి ఈ నెల వ్రాయదలచాము. తన పేరు అచ్చులో కనబడరాదని ఆయన కోరారు. ఊరంతా ఆయనను సైన్సు సారు అంటుంది గనుక మేమూ అలాగే అంటాము. ఆయన ముస్లిం కారు. మా మదరసాకు ఆయన చేసిన మేలుతో పాటు, ఆ మేలును అందుకోవడంలో మేము చేసిన ఆలస్యాన్ని కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ముందుగా 1980 ఫిబ్రవరి 16. ఆనాడు సంపూర్ణ సూర్యగ్రహణం మా జిల్లా మీదుగా సాగింది. హైదరాబాదుకు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించారు. మా ఊరిలో మాత్రం తలుపులు, కిటికీలు మూసుకున్నారు. గర్భిణులను కదలనివ్వలేదు. వండిన అన్నం పారబోశారు. మాకప్పుడు పదకొండేళ్ళు. మా తాతగారు మమ్మల్ని మస్జిదుకు తీసుకువెళుతుండగా, బడి ఆవరణలో చింతచెట్టు క్రింద సైన్సు సారు ఒంటరిగా నిలబడి ఉన్నారు. "సూర్యుని వైపు చూడకురా, నేల వైపు చూడు" అన్నారు. ఆకుల సందులలో నుండి జారిన వెలుగు చుక్కలన్నీ నెలవంకలై ఉన్నాయి. ఈద్ చంద్రుని కోసం ఏడాదికి రెండుసార్లు ఆకాశం వెదికే పిల్లవానికి పాదాల వద్ద వందలాది హిలాల్‌లు!

తరువాతి తరగతిలో, మస్జిదులో ఏం చేశారో చెప్పమన్నారు సారు. తాతగారు చెప్పినది చెప్పాము. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన నాడే గ్రహణం పట్టిందనీ, ఆ మరణం వల్లనే సూర్యుడు మసకబారాడని జనం అనుకున్నారనీ, ప్రవక్త (స) ఆ మాటను అంగీకరించలేదనీ, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలే తప్ప ఎవరి చావు పుట్టుకలకూ గ్రహణం పట్టదని బోధించి నమాజు చేయించారనీ. సారు కాసేపు మాట్లాడలేదు. కన్నకొడుకు పోయిన రోజున కూడా జనానికి నిజమే చెప్పిన మనిషి గురించి మళ్ళీ ఒకసారి చెప్పమని, ఈసారి అందరికీ వినబడేటట్లు చెప్పమని అన్నారు.

తరువాత మేము హైదరాబాదుకు దీనీ విద్యకు వెళ్ళిపోయాము. ఆలిమ్ పట్టాతో తిరిగి వచ్చి మదరసాలో ఉపాధ్యాయులమయ్యే నాటికి సారు తలలో వెండి మెరిసింది. చిన్నప్పుడు 'ఒరేయ్' అన్న నోటితోనే 'మౌల్వీ సాబ్, మీరు' అనేవారు. వద్దన్నా మానలేదు.

ఆయన సాయంత్రాలన్నీ నీటికే పోయేవి. సైకిలు మీద సంచిలో సీసాలు వేసుకుని ఊరూరా తిరిగి బోరింగుల నీరు పట్టేవారు. అందులో ఎర్రని ద్రావకం రెండు చుక్కలు వేసేవారు. ఫ్లోరైడు ఎంత ఎక్కువ ఉంటే ఆ ఎరుపు అంతగా పసుపు వైపు తిరుగుతుంది. ఆ లెక్కలన్నీ పాత హాజరుపట్టీలో విద్యార్థుల పేర్లుండవలసిన గడులలో వ్రాసుకునేవారు. మా నేల క్రింది గ్రానైటు రాయిలో ఫ్లోరైడు ఉంది. చేదబావులు ఎండిపోయి బోర్లు లోతుకు పోయేకొద్దీ ఆ రాతిలో ఏళ్ళ తరబడి నానిన నీరు పైకి వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే త్రాగరాదు. దాటిన నీరు పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు గీస్తుంది, పెద్దల ఎముకలలో పేరుకుని కీళ్ళను, వెన్నును బిగించివేస్తుంది. బిగిసిన వెన్నును తిరిగి వంచే మందు లేదు. కాచి త్రాగితే సరిపోతుందని చాలామంది తల్లులు నేటికీ అనుకుంటారు. కాచిన కొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కబడుతుందే గాని పోదు.

1990ల చివరిలో ఒక శుక్రవారం సారు మా వద్దకు వచ్చారు. మస్జిదు బోరు నీటిని పరీక్షించానని, జిల్లా ప్రయోగశాలకు కూడా పంపానని, లీటరుకు నాలుగు మిల్లీగ్రాములు దాటిందని చెప్పారు. మదరసా పిల్లలు నలభై మంది ఆ నీరే త్రాగేవారు. మేము ఫిఖ్హ్ చదివినవారము గదా, వెంటనే జవాబు చెప్పాము. నీటి రంగు, రుచి, వాసన మారనంతవరకు అది పరిశుద్ధమే అన్నాము.

"నీళ్ళు పాక్ అవునా కాదా అని నేనడగలేదు మౌల్వీ సాబ్. అది మీకు తెలిసిన విద్య. పిల్లలు తాగొచ్చునా అని అడుగుతున్నాను."

తరువాత మెల్లగా మరొక మాట అన్నారు. ఎముకల ఫ్లోరోసిస్‌ను పసిగట్టడానికి తేలికైన పరీక్షలు మూడున్నాయట: వంగి కాలివేళ్ళు అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు మడిచి తల వెనుక పెట్టడం. "మీ దగ్గర ఆ పరీక్షలు పెట్టే పని లేకపోయింది. ఇవాళ జుమా వేళ గుమ్మం బయట నిలబడి, రుకూకు వంగలేక గోడకానుకుని సైగలతో నమాజు చేసేవాళ్ళను లెక్కపెట్టాను." ఎంతమంది అని మేము అడగలేదు. వారంతా ముసలివారు కారని మాకు తెలుసు.

అయినా మౌనం వహించాము. ఆ బోరు ఒక పెద్దమనిషి తన తండ్రి పేర సదఖయే జారియాగా వేయించినది. పేరు చెక్కిన రాతిపలక ఉంది. మదరసా జీతాలలో సగం ఆయన చేతిమీదుగానే వచ్చేవి. మింబరుపై నిలబడి ఆ నీరు త్రాగవద్దని ఎలా చెప్పడం? 'హిక్మత్‌తో, సమయం చూసి చెబుదాము' అనుకున్నాము. పిరికితనానికి మేము పెట్టుకున్న పేరు హిక్మత్. రెండు రమజాన్‌లు గడిచిపోయాయి. ఆ రెండేళ్ళూ మేము కూడా, పుణ్యజలమని, ప్రతి సాయంత్రం ఆ బోరు నుండే ఇంటికి బిందె మోసుకెళ్ళాము. మా చిన్నమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు.

సారు మళ్ళీ వచ్చారు. కోపగించలేదు. "గ్రహణం తరువాత తరగతిలో నిలబడి చెప్పిన పిల్లవాడి కోసం వచ్చాను" అని మాత్రం అన్నారు.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. ఫజ్ర్ తరువాత సారును వెంటబెట్టుకుని దాత ఇంటికి వెళ్ళాము. చెప్పవలసినదంతా చెప్పాము. ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చుని, "మా అబ్బాజాన్‌కు రావలసిన సవాబ్ ఏమవుతుంది?" అని అడిగారు. మాకు నోట మాట రాలేదు. జవాబు సారే చెప్పారు. "వుజూకు ఆ నీరు భేషుగ్గా పనికొస్తుంది సేఠ్ సాబ్. తాగడానికి మీ మస్జిదు కప్పు ఉంది గదా." చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సరిగ్గా ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల కప్పుపై ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లు కురిస్తే డెబ్బై వేల లీటర్లు. అయిదవ వంతు వృథా పోయినా యాభై ఆరు వేలు. తలకు అయిదు లీటర్ల చొప్పున నలభై మంది పిల్లలకు రెండు వందల ఎనభై రోజులు. ఈ లెక్కనంతా ఆయన క్యాలెండరు కాగితం వెనుక వేసి చూపించారు.

తొట్టి ఖర్చు దాతే భరించారు. బయటకు వస్తుండగా మా చేయి పట్టుకుని, "రెండేళ్ళు ఎందుకు చెప్పలేదు మౌలానా? నేను మీకు అంత చెడ్డవాడిలా కనిపించానా?" అన్నారు. ఆ ప్రశ్నకు మేము ఈనాటికీ జవాబు చెప్పలేదు.

మరుసటి జుమాలో మింబరుపై నుండి చెప్పాము. అనుకున్నంత గొడవ ఏమీ జరగలేదు. ఇద్దరు ముగ్గురు సణిగారు, అంతే. తొట్టి కట్టేటప్పుడు సారే దగ్గరుండి గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు పొరలు పేర్పించారు. కప్పు కడిగిన తొలివానను బయటకు వదిలేయాలని, మూతకు దోమ దూరని జాలీ వేయాలని పిల్లలకు నేర్పారు. వేసవి చివర తొట్టి అడుగంటినప్పుడు, నీరి శాస్త్రజ్ఞులు రూపొందించి మా జిల్లా పేరే పెట్టిన నల్గొండ పద్ధతిలో, బోరు నీటిలో సున్నం, పటిక, బ్లీచింగు పొడి తూచి కలిపి తేర్చేవారు. మోతాదు ఎవరికీ వదలక తానే తూచేవారు.

మా చిన్నమ్మాయికి ఏడవ ఏట పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చాయి. వాటిమీద అడ్డంగా గోధుమరంగు చారలు. ఆ రెండేళ్ళ నీటివల్లనే వచ్చాయని ఖచ్చితంగా చెప్పలేము. కాదని చెప్పుకునే ధైర్యమూ మాకు లేదు. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు. ఫోటో తీస్తామంటే నేటికీ చేయి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆమెకు విషయమంతా చెప్పి క్షమాపణ కోరాము. "అబ్బా, వదిలెయ్యండి" అంది.

ఇప్పుడు ఊరికి మిషన్ భగీరథ కుళాయిలు వచ్చాయి. తొట్టిని మాత్రం తీసివేయలేదు. మొన్న మృగశిర కార్తెలో తొలివాన కురిసిన సాయంత్రం సారు కర్ర ఊతంతో వచ్చారు. బాల్యమంతా ఫ్లోరైడు ఊరిలోనే గడిపినందున ఆయన మెడ ఇప్పుడు పక్కకు తిరగదు. ఎవరినైనా చూడాలంటే మనిషంతా తిరగాలి. హిఫ్జ్ చదివే ఒక పిల్లవాడు పైపు మూత తెరిచి తొలినీటిని బయటకు వదులుతున్నాడు. సారు మనిషంతా అటు తిరిగి, "ఇంకొంచెం పోనీరా, కప్పు ఇంకా కడుక్కోలేదు" అన్నారు.