బొటనవేలు

మే 2
పాత ఎక్స్‌రే గది తాళం దొరికేసరికి పదకొండైంది. చీకటి కావాలిగా మరి. పన్నెండు మంది స్టాఫ్ నర్సులు, నలుగురు ఆయమ్మలు. మెరిసే లోషన్ ఇచ్చి, శానిటైజర్ రుద్దుకున్నట్టే రుద్దుకోమన్నాను. తర్వాత అల్ట్రావయొలెట్ దీపం కింద చేతులు పెట్టించాను. లోషన్ తగిలినచోట మెరుపు, తగలనిచోట నలుపు. దాదాపు అందరికీ ఒకే చోట్ల నలుపు: బొటనవేలు, వేళ్ల కొసలు, ఉంగరం కింద. రోగిని ముందు ముట్టేవి ఆ కొసలే.
"నా చెయ్యి చూస్తే నాకే సిగ్గేస్తోంది సిస్టరమ్మా" అంది ఒక ఆయమ్మ. మొదటిసారి నాదీ అంతే. ఎడమ బొటనవేలు.

మే 3
చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలూ అడిగితే నాలుగు గడగడా చెప్పేశారు. రోగిని ముట్టే ముందు, సూదో డ్రెస్సింగో మొదలెట్టే ముందు, రక్తమో మూత్రమో అంటాక, రోగిని ముట్టాక... ఐదోది నేనే అందించాను, రోగి చుట్టూ ఉన్నవి ముట్టాక. "మంచం కమ్మీయే కదా మేడమ్, మనిషిని ముట్టలేదుగా!"
ఆ తర్వాత వార్డులో చూశాను. అవే గ్లవ్స్‌తో కేస్‌షీటు, ఫోను, పక్క మంచం బీపీ. గ్లవ్స్ విప్పాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాలంటే నా వంక వింతగా చూశారు.

మే 4
రాత్రి లెక్క వేశాను. ముప్పై మంది రోగులు, ఒక్కొక్కరి దగ్గర ఆరుసార్లు, అంటే 180. సబ్బుతో 40 సెకన్ల చొప్పున రెండు గంటలు. వరండా చివరి కుళాయి దాకా నడక ఇందులో లేదు. శానిటైజర్ రబ్‌తో 20 సెకన్లే, అంటే గంట. ఇక బద్ధకమని ఎవర్ని తిట్టను?
జెనీవాలో డాక్టర్ దిదియే పిటే బృందం 1990ల్లో రబ్ సీసాల్ని మంచాల పక్కకే తెచ్చింది. పోస్టర్లూ పెట్టింది. చేతుల శుభ్రత పాటింపు 48 నుంచి 66 శాతానికి పెరిగింది. ఆ పుణ్యం ఎక్కువగా సీసాలదేనని నా నమ్మకం. మాకు స్టాండ్లు రాలేదు. గాజుగుడ్డ పేలికలతో కమ్మీలకు కట్టాం. సాయంత్రానికి మూడు మాయం.

మే 5
చేతుల పరిశుభ్రత దినం. బ్యానరు, ఫొటోలు, సమోసాలు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కథ చెప్పాను. 1847, వియన్నా. డాక్టర్లు శవాల గది నుంచి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చేవారు. ఆయన వాళ్లచేత క్లోరిన్ నీళ్లలో చేతులు కడిగించాక, ఏప్రిల్‌లో 18 శాతమున్న బాలింతల మరణాలు జూన్‌కల్లా రెండు శాతం దరిదాపులకు దిగాయి. పెద్ద డాక్టరుగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.
తర్వాత రౌండ్స్‌లో వరసగా ముగ్గురిని ముట్టుకున్నారు, రబ్ లేకుండా. వెనకాల హౌస్‌సర్జన్లూ అంతే. సీసా నా చేతిలోనే ఉంది. నోరు పెగల్లేదు.

మే 7
ఇవాళ ఆ రోజు సిగ్గేస్తోందన్న ఆయమ్మే సీసా పట్టుకుని మంచం దగ్గర నిలబడింది. "చెయ్యి పట్టండి సార్." పెద్ద డాక్టరుగారు ఒక్క క్షణం ఆగి, నవ్వి, దోసిలి పట్టారు. వెనక హౌస్‌సర్జన్లు తీర్థానికి నిలబడ్డట్టు వరస కట్టారు.
ఒక్కరూ బొటనవేలు రుద్దుకోలేదు. ఇవాళ్టికి ఆ మాట ఎత్తలేదు. సీసా అయిపోయింది, ఇండెంట్ రాయాలి.