వార్త, మంత్రి, దూత

మలయ్ భాషలో పాత్రికేయుణ్ణి ‘వర్తావన్’ అంటారు. మంత్రి ‘మెంతెరి’, రాయబారి ‘దూత’. ఏళ్ళ తరబడి పిల్లలకు తత్సమాలూ తద్భవాలూ వల్లె వేయించిన నా బోటివాడికి ఈ మూడు మాటలూ పరదేశంలో ఎదురుపడిన చుట్టాల్లా తోచాయి. మూడు పదవులనూ వరుసగా నిర్వహించినవారు సింగపూరు మలయ్ ప్రముఖులు ఒత్మాన్ వోక్ గారు.

వీరు 1924లో జన్మించారు. పూర్వులు ‘ఒరాంగ్ లావుత్’, అనగా సముద్రజనులు. యుద్ధం ముగిశాక ‘ఉతుసాన్ మెలయు’ పత్రికలో గుమాస్తాగా చేరి విలేకరి అయ్యారు. అరబ్బీ నుండి వచ్చిన జావీ లిపిలో వెలువడే ఆ పత్రిక పేరుకు ‘మలయ్ దూత’ అనే అర్థం. (దయ్యాల కథలు కూడా వ్రాసేవారట, వాటికి పాఠకులు మెండు.) 1954లో పీపుల్స్ యాక్షన్ పార్టీ పుట్టిన కొద్దిరోజులకే అందులో చేరి, 1959లో ఓడి, 1963లో గెలిచి, సాంఘిక వ్యవహారాల మంత్రి అయ్యారు.

అసలు పరీక్ష అక్కడ మొదలైంది. చైనీయులు అధికంగా ఉన్న పార్టీలో మలయ్ మంత్రి! స్వజనమే ద్రోహి అన్నది. అప్పటికి మలయ్ జాతీయపక్షం చేతిలోకి వెళ్ళిన ఉతుసాన్ పత్రిక ఆయన పార్టీ మీద నిప్పులు చెరిగింది. తనకు వ్రాత నేర్పిన పత్రిక అది! 1964 జూలై 21న ప్రవక్త జన్మదినపు ఊరేగింపులో తన పార్టీ బృందానికి ముందు నడిచినది ఆయనే. దారిలో అల్లర్లు చెలరేగగా తనవాళ్ళను కలాంగ్‌లోని పీపుల్స్ అసోసియేషన్ ఆవరణలోకి చేర్చారు. ఆ జూలై అల్లర్లలో 23 మంది మరణించారు, 454 మంది గాయపడ్డారు.

మరుసటి యేడు మరింత కఠినమైనది. మలేషియా నుండి సింగపూరు విడిపోయే ఒప్పందం మీద సంతకం చేసిన పదిమంది మంత్రులలో మలయ్ ఆయన ఒక్కరే. మలేషియాలో బలమైన వర్గంగా ఉన్న తనవాళ్ళు, ఆ సంతకంతో నూటికి ఇంచుమించు పదిహేనుమందిగా మిగిలిపోతారు. ఆ చేయి వణికిందో లేదో గాని, నాకైతే చదువుతుంటేనే గుండె బరువెక్కింది. ఆయనను ద్రోహి అన్నవారి భయాన్ని నేను కొట్టిపారవేయలేను. అయినా నా మనస్సు ఆయన పక్షమే. ఇరుగుపొరుగున చైనీయుడూ తమిళుడూ ఉన్న ఊళ్ళో ఒంటరి గోడ కట్టుకుని ఎన్నాళ్ళు బ్రతకగలరు?

ఆయన మంత్రిగా ఉండగానే 1966లో ముస్లిం ధర్మశాసనాల చట్టం వచ్చింది. 1975లో మసీదుల నిర్మాణనిధి ఏర్పడింది. ముస్లిం కార్మికుల జీతాలనుండి నెలకు యాభై సెంట్లు, అంతే. ఆ చిల్లరతో కొత్త పేటలలో మసీదులు లేచాయి.

1977లో ఇండొనేషియాకు రాయబారిగా వెళ్ళారు. తేలికైన కొలువు కాదు. బాంబు ప్రేలుడు కేసులో ఇద్దరు ఇండొనేషియా నావికసైనికులను సింగపూరు 1968లో ఉరితీసింది. 1973లో ప్రధాని లీ క్వాన్ యూ స్వయంగా వారి సమాధులపై పూలు చల్లాకనే ఆ గాయం మానడం మొదలైంది. అటువంటి జకార్తాలో ఒత్మాన్ గారు 1981 దాకా సింగపూరు దూతగా ఉండి వచ్చారు.

2017 ఏప్రిల్ 17న, తొంభైరెండేళ్ళ వయస్సులో కన్నుమూశారు.