మాటాడే బొమ్మ – మాట పోయిన బొమ్మ: ‘మ్యాజిక్’ చిత్రం, నిమ్మలకుంట తోలుబొమ్మలాట

పెదవి కదపకుండా పలికి, ఆ పలుకు చేతిలోని బొమ్మదే అనిపించే విద్య వెంట్రిలాక్విజం. ఈ విద్య ఇతివృత్తంగా 1978లో రిచర్డ్ అటెన్‌బరో తీసిన ‘మ్యాజిక్’కు భయానక చిత్రాల చర్చలో దక్కవలసినంత చోటు దక్కలేదు. విలియం గోల్డ్‌మన్ తన నవలకు తానే చిత్రానువాదం సమకూర్చాడు. ఆంథొనీ హాప్కిన్స్ పోషించిన కార్కీ బిడియస్తుడు. అతని బొమ్మ ఫ్యాట్స్ నోటికి అదుపు లేదు. బొమ్మను ఐదు నిమిషాలు పలికించకుండా ఉండమని కార్కీకి అతని ఏజెంటు పరీక్ష పెడతాడు. కార్కీ ఉండలేకపోతాడు. హత్యాఘట్టాలకంటె ఈ కొద్ది నిమిషాలే ప్రేక్షకుణ్ణి ఎక్కువగా కలవరపెడతాయి.

తాను అనలేని మాటను బొమ్మచేత అనిపించడం తెలుగువారికి కొత్త కాదు. కె. బాలచందర్ ‘ఇది కథ కాదు’ (1979)లో కమల్‌హాసన్ పాత్ర దాచుకున్న ప్రేమను బొమ్మే బయటపెడుతుంది. అంతకు ఎంతో ముందునుంచే తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఈ పని చేస్తున్నారు. రామాయణ భారత కథల నడుమ చొరబడి, పెద్దల ఎదుట ఎవరూ అనలేని మోటు మాటలు, ఊరి గుట్టుమట్లు వాళ్లు అనేస్తారు. ఊరు నవ్వుతుంది.

ఒకే స్వేచ్ఛ ఒకచోట భయాన్ని, మరొకచోట నవ్వును పుట్టించడానికి కారణం గొంతు ఉన్న స్థితిలో కనిపిస్తుంది. కార్కీ తన బొమ్మతో ఒంటరి. అతని మాటకు బదులు పలికేదీ అతని గొంతే. తోలుబొమ్మలాటలో తెర వెనుక కుటుంబమంతా ఉంటుంది. ఒకరు ఆడిస్తూ పాడితే మరొకరు వంత అందుకుంటారు. హార్మోనియం, మద్దెల, తాళాలు తోడవుతాయి. తెర ముందు ఊరు ఉంటుంది. మాట ఒక్కరిలోనే చిక్కుపడదు.

అనంతపురం కరువు సీమలో ఈ విద్యను నిలుపుకొన్న పల్లె ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట. 2022 నుంచి ఇది శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. అయితే ఆట కట్టించేవారు తగ్గడంతో, బొమ్మలు చేసిన చేతులే ఇప్పుడు మేకతోలుతో దీపాల గొడుగులు, గోడపటాలు చేస్తున్నాయి. ఈ పని కుటుంబాలకు కూడు పెడుతున్నది. దానిని తక్కువ చేయడం తగదు. కాని దీపపు గొడుగు మీది రాముడికి సంభాషణ లేదు. కార్కీని వదలక పలికిన బొమ్మ ఒక భయమైతే, పలికించే గొంతు లేక మిగిలిన బొమ్మ మరొక భయం.

తోలుబొమ్మను ప్రదర్శనశాలలో భద్రపరచవచ్చు. కేతిగాడి హాస్యం మాత్రం ఆనాటి ఊరిని బట్టి అప్పటికప్పుడు పుట్టేది. అందువల్ల బొమ్మల సేకరణతోపాటు, ఆట తెలిసిన పెద్దల సంభాషణలను ప్రేక్షకుల స్పందనతో సహా ధ్వనిముద్రణ చేయడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టవలసిన పని.