తిరుగు ప్రయాణమునకు ముందునాడు

మోత్కూరునుండి అమెరికాకు పోయి, న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసన్ పట్టణమున మా అమ్మాయి యింట దాదాపు ఆరు నెలలుంటిమి. 2023 మే నెలలో మండుటెండలలో బయలుదేరిన మాకు, అచటి చెట్ల యాకులు పండి రాలువేళకు తిరుగు దినము వచ్చినది. చూడవచ్చినవారికి ఆ ప్రభుత్వము సాధారణముగా ఆరు నెలలే గడువిచ్చును. సద్దుల బతుకమ్మను అచటనే ఆడితిమి. పిమ్మట వారము తిరుగకముందే పెట్టెలు సర్దవలసి వచ్చెను.

ఆనాడు అక్టోబరు 28, శనివారము. మరునాడే విమానము. వచ్చునపుడు సకినాలును, పచ్చళ్లును నింపి తెచ్చిన పెట్టెలలో ఇప్పుడు బంధువుల పిల్లలకు మిఠాయిలును, బట్టలును చేరినవి. పెట్టె యొక్కింటికి 23 కిలోలు మించరాదు. అమ్మాయి తూచుచు, ఒక వస్తువు తీయుచు, మరల రెండు పెట్టుచుండెను. ఆమె ముఖము చూచి మాటలాడుటకు మాకు ధైర్యము చాలలేదు. ఇంట కూర్చున్నచో అందరకును కన్నీరే యని గ్రహించెనో యేమో, అల్లుడు “అత్తమ్మా, మామయ్యా! న్యూయార్కులో మన ఫణిగిరి రాళ్లున్నవట, చూచి వత్తము రండి” యనెను.

రైలెక్కి నగరమునకు పోతిమి. 1870లో స్థాపింపబడిన మెట్రోపాలిటన్ మ్యూజియమున ఆ యేడు జూలై 21 మొదలు నవంబరు 13 వరకు “చెట్టు, పాము” అను పేరిట మన దేశపు ప్రాచీన బౌద్ధశిల్పముల ప్రదర్శనము జరిగినది. అన్నియు క్రీస్తుపూర్వము 200 మొదలు క్రీస్తుశకము 400 వరకు గల కాలమునాటివి.

ఫణిగిరి మాకు దూరపు టూరు కాదు. తిరుమలగిరి దాటి సూర్యాపేట బాటను పోయినచో వచ్చును. పాముపడగవంటి కొండ గనుక ఆ పేరు. ఒకప్పుడు రెండూళ్లును నల్లగొండ జిల్లాలోనివే. 2016లో మోత్కూరు యాదాద్రి భువనగిరి జిల్లాకును, ఫణిగిరి సూర్యాపేట జిల్లాకును చేరినవి. నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు 1940 దశకమున అచట త్రవ్వించిరి. 2001 పిమ్మట మరల త్రవ్వగా స్తూపము, చైత్యగృహములు, భిక్షువుల విహారములు, చెక్కడపు తోరణముల ముక్కలు బయల్పడినవి. పెండ్లిండ్లకని ఆ బాటను ఎన్నిమారులు బస్సులో పోయితిమో! ఒక్కనాడైనను ఆ కొండ యెక్కలేదు. “ఏవో పాత ఇటుకలట” అనుకొంటిమి. సముద్రములు దాటి వచ్చి వానిని చూడవలసి వచ్చినందులకు సిగ్గుపడితిమి.

తెల్లని సున్నపురాతిపై మనుష్యులు, గుఱ్ఱములు, చెట్లు ఎంత సుకుమారముగా చెక్కబడినవో! మా వారు చేతులు వెనుకకు కట్టుకొని చాలసేపు కదలక నిలిచిరి. సిద్ధార్థుడు ఇల్లు విడిచి వెడలిన ఘట్టమును గూడ ఫణిగిరి శిల్పులు చెక్కిరని అల్లుడు చెప్పగా, అమ్మాయి మాట మార్చి ముందుకు నడచినది.

ఏడేండ్ల మా మనుమరాలు పలకపై పేరు కూడబలుకుకొని చదివి, “అమ్మమ్మా, ఇవి మీ ఊరివా?” అని యడిగెను. “మా పొరుగూరివి, తల్లీ.” “ఇక్కడే ఉంటవా?” “ఉండవు. అరువు తెచ్చినవి, గడువు తీరగనే ఇల్లు చేరును.” పిల్ల కొంచెము సేపాలోచించి, “మీలాగే” అనెను. అంతవరకు నిగ్రహించుకొన్న అమ్మాయి మా భుజముపై తలవాల్చి యేడ్చినది. ఆరు నెలలుగా మేము దాచుకొన్న మాట, ఆమె దాచుకొన్న మాట పసిబిడ్డ నోట వెలువడినది. ఏడ్చిన పిమ్మట మనసు తేలికపడెను. ఆ రాత్రి పెట్టెలు మూయుచు నవ్వుకొనగలిగితిమి.

ఇల్లు చేరిన తరువాత కార్తీకమాసమున ఫణిగిరి కొండ యెక్కితిమి. ఇటుకల స్తూపమును, విహారముల పునాదులను చూచి, ఛాయాచిత్రములు తీసి మనుమరాలికి పంపితిమి. “ఈసారి నేనే వచ్చి చూస్తాను” అని బదులు వచ్చినది.

సోదరీమణులారా! పరదేశమునకు పోవుటకు ముందే మీ పొరుగు కొండను ఒకమారు ఎక్కి చూడుడు. అచట మీ మనుమలడిగినపుడు చెప్పుటకు మాట యుండును. వారు వచ్చినపుడు చూపుటకు చోటుండును.