పెరటి టెంకాయకు వాడేసిన నీళ్లు

వేసవి వచ్చిందంటే మా వైపు ఆడవాళ్లకు బిందెల లెక్క మొదలవుతుంది. కలిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉన్నా, పెన్నా డెల్టాలాగా కాలవ నీళ్ల సీమ కాదు. ఇటు ఉదయగిరి, అటు ఆత్మకూరు, అంతా మెట్ట. వాన పడితేనే చెరువు, చెరువు నిండితేనే బోర్లలో నీళ్లు. తాగడానికీ వండడానికీ పోగా, పెరట్లో చెట్టుకు పోయడానికి మంచినీళ్లు ఎక్కడ మిగులుతాయి చెప్పండి?

అందుకే చాలా ఇళ్లలో స్నానాల గది తూము పెరట్లోకే తిప్పి ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే. మా మామగారు నాటిన రెండు టెంకాయ చెట్లు ఆ నీళ్ల మీదే బతుకుతున్నాయి. కాయలు కొట్టి, ఎండబెట్టి, గానుగాడిస్తే ఇంటికి సరిపడా తలనూనె వస్తుంది. మా అమ్మాయికి బిడ్డ పుట్టినప్పుడు మాత్రం అత్తమ్మ పేచీ పెట్టారు. "ఒంటి మురికి కడిగిన నీళ్లు తాగిన చెట్టు కాయమ్మా అది. ఆ నూనె పసిబిడ్డ మాడుకు పెడతారా ఎవరన్నా? దేవుడి దీపానికి అసలే వద్దు" అన్నారు. పోనీ నీళ్లు ఆపేద్దామా అంటే చెట్లు ఎండిపోతాయి. అవి మామగారి చేతి చెట్లు. ఆ మాట వచ్చేసరికి కళ్లనీళ్లు పెట్టుకున్నారు గానీ పట్టు మాత్రం వదల్లేదు.

ఆమె సందేహం కొట్టిపారేసేది కాదండీ. ఇజ్రాయెల్ దేశంలో వాళ్లకూ ఇదే సందేహం వచ్చింది. వాళ్లకూ మనలాగే నీటి కరువు. ఊళ్లలో వాడేసిన నీళ్లను శుద్ధి చేసి, వాటిలో నూటికి ఎనభై పాళ్లకు పైగా పొలాలకే పారిస్తారు. ఆలివ్ చెట్లకూ ఆ నీళ్లు పెడతారు. అవేనండీ, 2007-08లో రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాయంతో సాగు మొదలుపెట్టిన చెట్లు. ఆ నీళ్లతో పండిన కాయల నూనెను పరీక్ష చేసి చూస్తే, మంచినీళ్ల చెట్ల నూనెతో పోల్చినా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా తెచ్చేది నీళ్ల మోతాదు. నీళ్లు ఎక్కువ పెడితే కాపు పెరుగుతుంది, నూనెలో చేదూ ఘాటూ తగ్గుతాయి. కాయ దెబ్బతిన్నా, కోశాక గానుగ ఆలస్యమైనా నూనెలో ఆమ్లం పెరుగుతుంది. 'ఎక్స్‌ట్రా వర్జిన్' అనిపించుకోవాలంటే అది నూటికి 0.8 పాలు మించకూడదు.

దీనికి కారణం తెలిస్తే మనసు కుదుటపడుతుంది. వేరు పీల్చుకునేది నీళ్లనూ, వాటిలో కరిగిన లవణాలనూ. మురికీ జిడ్డూ చాలావరకు మట్టిలోనే ఆగి, అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. నూనె అంటారా, ఆకు ఎండలో తయారుచేసిన చక్కెరతో చెట్టు కాయలో స్వయంగా వండుకునే వంట అది. మన తూము నీళ్లు శుద్ధి చేసినవి కావు, నిజమే. అయినా కొబ్బరినూనె కంపు కొట్టిందంటే ముందు చూసుకోవాల్సింది ఎండబెట్టడం. కొబ్బరిలో తేమ నూటికి 6 పాళ్లకు దిగాలి. లేదంటే బూజు పడుతుంది, ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదముంది. బూజు పట్టిన ముక్కను గానుగలో వెయ్యనే వెయ్యకండి.

అసలు దెబ్బ తగిలేది నేలకు. సబ్బుల్లో, బట్టల పొడుల్లో ఉండే సోడియం పేరుకుంటే నేల బిగుసుకుపోయి నీరు ఇంకదు. బోరాన్ ఎక్కువైతే చెట్టుకే చేటు. అందుకే ఇజ్రాయెల్‌లో బట్టల పొడుల్లో బోరాన్ తగ్గించాలని నిబంధన పెట్టారు. టెంకాయ సముద్రపొడ్డున పెరిగే చెట్టు గనుక కాస్త ఉప్పును ఓర్చుకుంటుంది. నిమ్మచెట్టు ఓర్చుకోలేదు, ఆకుల అంచులు మాడిపోతాయి.

ఇవన్నీ కూర్చోబెట్టి చెబితే అత్తమ్మ ఓపిగ్గా విన్నారు. "సరే, బట్టలుతికిన నీళ్లు మాత్రం వేరే పోనియ్యండి" అన్నారు. మునిమనవరాలికి ఆ నూనె తన చేత్తోనే పెట్టారు. దీపం మాత్రం నువ్వులనూనెతోనే. ఆ విషయంలో నేనూ బలవంతపెట్టలేదు.

మీ పెరట్లోనూ ఈ నీళ్లు వాడుతుంటే కొన్ని జాగ్రత్తలు పాటించండి. మరుగుదొడ్డి నీళ్లు కలవనివ్వకండి. పసిబిడ్డల మలం అంటిన గుడ్డలు ఉతికిన నీళ్లూ అంతే. అంట్ల నీళ్లలో నూనె జిడ్డు, మెతుకులు లేకుండా వడకట్టండి. తొట్టిలో నిలవ ఉంచకుండా ఏ పూటకా పూట పారించండి, లేకపోతే వాసనా దోమలూ తప్పవు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాలకు పోయకండి. రాలిన కాయ ఆ నీళ్లలో పడితే బాగా కడిగి, ఆరాకే కొట్టండి. తొలకరి పడగానే తూమును కొన్నాళ్లు పక్కకు తిప్పి, వాననీరు పాదులో నిలవనివ్వండి. వేసవంతా పేరుకున్న ఉప్పు వేళ్లను దాటి కిందికి దిగిపోతుంది.