నిద్రమాత్ర సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి

ఆపరేషన్ అనగానే కోసే డాక్టర్ ఎవరని అడుగుతాం. మత్తు ఇచ్చేదెవరని అడిగేవాళ్ళు తక్కువ. నిజానికి మన ఇంటి సంగతులు ఎక్కువగా తెలియాల్సింది ఆ మత్తు డాక్టరుకేనండీ.

మా అత్తమ్మ కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉంటే, ఆ భాగం తీసేయాలన్నారు. ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి, "రోజూ ఏం మందులు వేసుకుంటారమ్మా?" అని అడిగారు. "బీపీ మాత్ర ఒక్కటే" అంది అత్తమ్మ. మామయ్య పోయినప్పటి నుంచి పాత చీటీ చూపించి ఆబిడ్స్‌లో అల్ప్రజోలం తెచ్చుకుంటుందని నాకొక్కదానికే తెలుసు. "వాడికి చెప్పకు, బాధపడతాడు" అని నా దగ్గర మాట తీసుకుంది. కొడుక్కి చెప్పనన్నాను గానీ, డాక్టరుకు చెప్పనని కాదు కదా! వరండాలో చెప్పేశాను.

ఆవిడ మా ఆయన్ని ఏదో పని మీద బయటికి పంపి, అత్తమ్మను మళ్ళీ నెమ్మదిగా అడిగారు. రోజూ వేసుకునే నిద్రమాత్ర ఒక్కసారిగా ఆగితే వణుకు, కంగారు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయట. తెలియక దానిమీద ఇంకో మత్తు పడితే శ్వాస మందగిస్తుందట. అత్తమ్మ తలూపి ఒప్పుకుంది.

ఈ ఆపరేషన్లో ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి, రెండోదానితో శ్వాస నడిపిస్తారు. తర్వాత ముడుచుకున్నదాన్ని మళ్ళీ గాలితో నింపుతారు. దానికీ, కోతకూ కలిపి లోపల వాపు, అదే ఇన్‌ఫ్లమేషన్, వస్తుంది. సెవోఫ్లురేన్ అనే మత్తుతో ప్రొపోఫాల్ కంటే ఈ వాపు గుర్తులు తక్కువని కొన్ని పరిశోధనల్లో తేలింది. అయితే ఎవరికి ఏది నప్పుతుందో డాక్టరే చూసుకోవాలి.

ఈ వాపు, మత్తు, నిద్రలేమి కలిస్తే పెద్దవాళ్ళు తికమకపడతారు. రెండో రాత్రి అత్తమ్మ "నాంపల్లి స్టేషన్ వచ్చిందా, దిగుదామా?" అంటూ లేవబోయింది. మా ఆయన భయపడి నిద్ర ఇంజెక్షన్ ఇమ్మన్నారు. డాక్టరమ్మ వద్దన్నారు. మత్తులో ఉంటే దగ్గరు, కఫం లోపలే ఉండి న్యుమోనియా వస్తుందన్నారు. కళ్ళజోడు పెట్టి, పగలు కిటికీ తెరిచి, పేరు పెట్టి మాట్లాడించమన్నారు. మూడు రోజులకు తేరుకుంది.

మా నాంపల్లికి దగ్గర్లోని కోఠి ప్రాంతంలోనే, 1889 నాటికే, డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫామ్ ఇచ్చేవారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆవిడే అంటారు.

ఇప్పుడు డాక్టరు సలహాతో అత్తమ్మ మాత్రను కొద్దికొద్దిగా తగ్గిస్తోంది. మీ ఇంట్లోనూ దిండు కింద దాచుకున్న మాత్ర ఉంటే, ఆపరేషన్‌కు ముందే చెప్పించండి. ఇంటి పరువు దానివల్ల పోదు.