బరువు ఆపరేషన్‌కు ముందు ఇన్ని పరీక్షలు దేనికి?

మా వైపువాళ్లు బరువు తగ్గించే ఆపరేషన్ కోసం గుంటూరో, విజయవాడో, హైదరాబాదో వెళతారు. అక్కడి సర్జన్ రాసిచ్చిన పరీక్షల చీటీ పట్టుకుని మళ్లీ నా దగ్గరికి వస్తారు. "కోసేది పొట్ట కదా సార్, గుండెకూ ఊపిరితిత్తులకూ పరీక్షలు దేనికి?" అని అడుగుతారు. డబ్బు గుంజడానికేమో అన్న అనుమానం ఆ మాటలో వినపడుతూనే ఉంటుంది. అలా అనుమానించేవాళ్లను నేను తప్పుపట్టను. అయినా ఈ పడమటి ప్రకాశంలో ఆ చీటీలోంచి ఒక్క పరీక్ష కొట్టేయడానికీ నాకు మనసొప్పదు.

పొదిలి వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. బరువు 98 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు. బీఎంఐ 42 దాటింది, షుగరూ బీపీ కూడా ఉన్నాయి. లెక్క ప్రకారం ఆపరేషన్ చేయొచ్చు. కానీ కాళ్లూ చేతులూ సన్నగానే ఉన్నాయి. కొవ్వంతా పొట్టకూ మెడ వెనక్కూ చేరింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు. "నొప్పులకేమైనా వాడుతున్నావా అమ్మా?" అని అడిగితే కొంగుముడి విప్పి కాగితం పొట్లం తీసింది. లోపల పేరు లేని చిన్న తెల్ల బిళ్లలు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చాడట. "ఇయ్యి ఏసుకుంటేనే లేచి తిరగగలను సార్" అంది. నాలుగేళ్లుగా అదే మందు.

పొద్దున 8 గంటలకు తీసిన రక్తంలో, ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ బాగా అడుగంటి ఉంది. ఆ బిళ్లలు స్టెరాయిడ్లే. ఏళ్ల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే మూత్రపిండాల పైనుండి దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. ఆ సంగతి తెలియక ఆపరేషన్ చేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. భయపడి బిళ్లలు ఒక్కసారిగా మానేసినా అదే ముప్పు.

ఇంతకీ ఆ నొప్పులు ఎక్కడివి? పొదిలి, కనిగిరి, మార్కాపురం ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు బాగా మించిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే ముందు పళ్లు గారపడతాయి, వయసు మీదపడేకొద్దీ కీళ్లు నొప్పి పుట్టి వెన్ను బిగుసుకుపోతుంది. నీళ్ల వల్ల నొప్పులు, నొప్పుల వల్ల బిళ్లలు, బిళ్లల వల్ల బరువూ షుగరూ. ఇంత కథనూ ఒక్క రక్తపరీక్ష బయటపెట్టింది.

ఆపరేషన్ వాయిదా వేయించి, నెలల తరబడి మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాం. బరువు 88కి దిగింది. గ్రంథులు కోలుకున్నాకే ఆమె గుంటూరు వెళ్లింది. అక్కడి మత్తు డాక్టరు ముందుగా తల వెనక్కి వంచమన్నారు. లావుగా ఉన్నవాళ్లకు గొంతులో గొట్టం వేయడమే కష్టం, మెడ కూడా బిగుసుకుని ఉంటే మరీ కష్టం. ముందే తెలిసింది కనుక కెమెరా ఉన్న పరికరం సిద్ధం చేసుకున్నారు. ఆమె క్షేమంగా ఇంటికొచ్చింది.

గిద్దలూరు నుంచి వచ్చిన కుర్ర వ్యాపారికి రాత్రంతా గురక, పగలంతా కునుకు. నల్లమల ఘాట్ రోడ్డులో బండి నడుపుతూ కళ్లు మూతలు పడ్డా అది జబ్బని అతనికి తోచలేదు. నిద్ర పరీక్ష చేస్తే గంటకు 40 సార్లకు పైగా ఊపిరి ఆగుతోందని తేలింది. మత్తు, ఆపరేషన్ తర్వాత ఇచ్చే బలమైన నొప్పి మందులు అలాంటివాళ్ల శ్వాసను మరింత అణచేస్తాయి. అందుకే ముందు కొన్ని వారాలు రాత్రిపూట మాస్కు పెట్టుకుని గాలి మిషన్‌తో పడుకోమన్నాం.

మార్కాపురం పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు ఛాతీ ఎక్స్‌రేతో పాటు గొట్టంలోకి ఊదించే పరీక్ష కూడా చేయించాలి. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది. ఎండోస్కోపీ కూడా అంతే ముఖ్యం. బరువు తగ్గడానికి పొట్టకు బైపాస్ చేశాక జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని మామూలు గొట్టంతో మళ్లీ చూడటం కుదరదు. అక్కడ పుండు గానీ, హెచ్ పైలోరి అనే బ్యాక్టీరియా గానీ ఉంటే ముందే నయం చేయాలి. ఆపరేషన్ తర్వాత కాల్షియం, ఐరన్, బీ12 సరిగా ఒంటబట్టవు. వాటితో పాటు విటమిన్ డీ, పారాథైరాయిడ్ హార్మోను, క్రియాటినిన్ కూడా ముందే చూసుకోవాలి. ఫ్లోరైడ్ ఊళ్లవాళ్లకైతే ఇవి మరీ అవసరం.

2022లో అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు ఆసియావాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చన్నాయి. ఇకముందు ఇంకా ఎక్కువమంది దీనికి వెళతారు. వెళ్లేవాళ్లు మూడు సంగతులు దాచకుండా చెప్పాలి: ఏ నీళ్లు తాగి పెరిగారో, ఏ దుమ్ములో పనిచేశారో, ఏ బిళ్లలు మింగుతున్నారో. ఈ నేల సంగతి తెలియని డాక్టరుకు వీటి గురించి అడగాలని తోచకపోవచ్చు. పేరు తెలియని మందైతే పొట్లంతో సహా తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి. డాక్టరు చెప్పేదాకా దాన్ని మానకండి.